చిన్నాకి, కనెక్టికట్ బయలుదేరే ముందు

చిన్నా,

నీకు అమెరికాలోని కనెక్టికట్‌లో ఎమ్మెస్ సీటొచ్చిందని నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మీ తాతయ్య ఉంటే ఈపాటికి ఊరంతా చెప్పొచ్చేవారు. నాకూ కళ్లు చెమర్చాయి. ఆ వెంటనే నా కుడి మోకాలు గుర్తొచ్చింది. అందుకే ఈ ఉత్తరం.

ఆవకాయ, కుక్కరు మీ అమ్మ చూసుకుంటుంది. నేను పురుగుల గురించి చెబుతాను. రోడ్డు పక్కన ఎవరో వదిలేసిన పరుపు బాగుందని గదికి తెచ్చుకోకు, నల్లులుంటాయి. ఎర్ర రెక్కల మీద చుక్కలతో అందంగా ఒక పురుగు కనిపిస్తుంది, లాంటర్న్‌ఫ్లై అంటారు, అది కుట్టదు. ఎండాకాలం రాత్రుల్లో మన మిణుగురులే అక్కడా కనిపిస్తాయి, హాయిగా చూసుకో.

భయపడాల్సింది పిడుదుకి.

2011లో మా అమ్మాయి, అదే మీ అక్క పురుడుకి న్యూజెర్సీ వెళ్లాను. ఇంటి వెనకే అడవి. సాయంత్రమైతే జింకలొచ్చేవి. సీతమ్మ మనసుపడిందంటే పడదా మరి అనుకుంటూ గడ్డి అంచుదాకా వెళ్లి చూసేదాన్ని. జూన్‌లో ఒకరోజు స్నానం చేస్తుంటే మోకాలి వెనక నల్లచుక్క చేతికి తగిలింది. పుట్టుమచ్చ అనుకున్నాను. మర్నాడు కాస్త ఉబ్బింది, చూస్తే కాళ్లున్నాయి!

గేదెలున్న ఇంట్లో పుట్టినదాన్ని, పిడుదుల్ని తీసి కిరసనాయిల్లో వేసినదాన్ని. నాకు తెలియనిదా అనుకున్నాను. ముందు కొబ్బరినూనె పూశాను. తర్వాత అగరువత్తి అంటించాను. చివరికి గోళ్లతో గిల్లి పీకితే పొట్ట చిట్లింది, నోరు లోపలే ఉండిపోయింది. నూనె పూసినా, సెగ పెట్టినా అది తన కడుపులోది మన ఒంట్లోకే కక్కే ప్రమాదముందని నాకప్పుడు తెలియదు.

దానికంటే పెద్ద తప్పు, అక్కకి చెప్పకపోవడం. పచ్చి బాలింతరాలు, దానికి టెన్షన్ ఎందుకని. డాక్టర్ దగ్గరికెళితే బిల్లెంత వేస్తారోనన్న భయం కూడా. పది రోజులకి అక్కడ ఎర్రటి మచ్చ లేచి, చక్రంలా పెద్దదవుతూ వచ్చింది. నొప్పి లేదు, దురద లేదు. వేడి చేసిందని గంధం రాశాను. జ్వరమొస్తే వాతావరణం పడలేదన్నాను. సెప్టెంబరుకి మోకాలు గుమ్మడికాయంత వాచి, మనవణ్ణి ఒళ్లో పెట్టుకుని పీట మీద కూర్చోలేకపోయాను. అక్క ఏడుస్తూ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది. డాక్టరమ్మ మొదట అడిగిందే, పిడుదు కుట్టిందా అని. అక్క నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను. 28 రోజులు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మింగాను.

ఆ జబ్బు పేరు లైమ్. లైమ్ ఒక ఊరు, నువ్వు వెళ్లే కనెక్టికట్‌లోనే ఉంది. 1975 ప్రాంతంలో అక్కడి పిల్లలకు వరసగా కీళ్లు వాస్తుంటే, తల్లులు ఊరుకోకుండా పట్టుబడితే డాక్టర్లు కదిలారు. కారణమైన సూక్ష్మజీవి 1980ల మొదట్లోగానీ దొరకలేదు.

నువ్వు ట్రెకింగులకి వెళతావని నాకు తెలుసు, వద్దంటే వింటావా? లేతరంగు ప్యాంటు వేసుకుని అంచులు సాక్సులోకి దోపుకో. దారి మధ్యలో నడువు. ఇంటికి రాగానే స్నానం చేసి మోకాళ్ల వెనక, చంకలు, బొడ్డు, చెవుల వెనక, జుట్టు కుదుళ్లు తడిమి చూసుకో. మే నుంచి జూలై దాకా తిరిగేవి పిల్ల పిడుదులు, గసగసాల గింజంత ఉంటాయి, కంటికి ఆనవు. బట్టలు డ్రయ్యర్లో ఎక్కువ వేడి మీద పది నిమిషాలు తిప్పు.

అంటుకుని ఉంటే సన్నమొన ప్లక్కర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలి తిప్పకుండా నిదానంగా పైకి లాగు. సాధారణంగా ఆ జబ్బు అంటాలంటే పిడుదు ఒక రోజు పైనే పట్టుకుని ఉండాలట, కాబట్టి ఆ రోజే తీస్తే చాలావరకు భయం లేదు. తీసిన తేదీ రాసిపెట్టుకుని, అదే రోజు యూనివర్సిటీ హెల్త్ సెంటర్‌కి ఫోన్ చెయ్యి. పిడుదుని తీసిన 72 గంటల్లోపయితే ఒక్క డోసు మందుతో ఆపే వీలుంటుంది. తర్వాత నెల రోజులు ఒంటి మీద మచ్చ వస్తుందేమో చూసుకుంటూ ఉండు.

డబ్బు గురించి ఆలోచించి ఊరుకున్నావని తెలిస్తే ఊరుకోను. బిల్లు నేను కడతాను, మీ నాన్నకి చెప్పక్కర్లేదు. అర్ధరాత్రయినా ఫోన్ చెయ్యి, అప్పుడిక్కడ నాకు పగలే.

ప్లక్కర్ ఒకటి కొని మీ అమ్మకిచ్చాను. పెట్టె బరువెక్కిందని దాన్ని తీసెయ్యకు నాన్నా.

మీ పెద్దమ్మ