వర్సిటీ ల్యాబ్‌లో చేసిన నెట్‌వర్క్ కోడింగ్ హార్డ్‌వేర్‌ను కంపెనీకి లైసెన్స్‌కిస్తే రాయల్టీ ఎంత అడగాలి?

రాయల్టీ శాతం తర్వాత మాట్లాడుకుందాం. ముందు మీ డిజైన్‌లో ప్రతి ఫైలూ ఎవరు రాశారో, వాళ్ల సంతకాలు ఉన్నాయో లేదో చూసుకోండి. ఇది నాకు చేతులు కాలాక తెలిసింది.

అమెరికాలో పీహెచ్‌డీ చేస్తున్నప్పుడు మా ల్యాబ్‌లో ర్యాండమ్ లీనియర్ నెట్‌వర్క్ కోడింగ్ డీకోడర్‌ను, అంటే డేటా ముక్కలను (ప్యాకెట్లను) కలిపి పంపితే దారిలో కొన్ని పోయినా అసలు డేటాను తిరిగి రాబట్టే సర్క్యూట్‌ను, ఎఫ్‌పీజీఏ (మనకు కావాల్సిన సర్క్యూట్‌గా మార్చుకోగల చిప్) మీద చేశాం. డ్రోన్ల నుంచి వీడియో పంపే రేడియోలు తయారుచేసే ఓ చిన్న కంపెనీ చూడటానికి వచ్చింది. డెమోలో ప్యాకెట్లలో ఐదో వంతు కావాలనే పారేశాం. అయినా బొమ్మ ఆగలేదు. వాళ్ల ఇంజినీరు నమ్మలేక యాంటెన్నాకు తనే చెయ్యి అడ్డం పెట్టి చూశారు. ఆ రోజు మాకు పండగే.

పది రోజులకు వాళ్ల లాయరు ఓ ఎక్సెల్ షీటు పంపారు. ఏ ఫైలు ఎవరు రాశారు, ఏ గ్రాంటు డబ్బుతో, ఏ టూల్ వాడి? మూడు వందల పైచిలుకు వరసలు. నేనే కూర్చుని నింపాను. గాల్వా ఫీల్డ్ మల్టిప్లయర్ (డీకోడర్‌లో గుణకారాలు చేసే భాగం) దగ్గరకొచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. అది రాసింది అంతకుముందు వేసవిలో వేరే దేశం నుంచి వచ్చిన విద్యార్థి. జీతం ఇవ్వలేదు, హక్కులు రాసిచ్చే కాగితం మీద సంతకమూ తీసుకోలేదు.

ఫైలు మళ్లీ రాసుకుంటే సరిపోదా అంటారేమో. అతని ఆలోచన మా పేటెంటు క్లెయిముల్లోనే (ఏది మాదని హక్కు కోరుతున్నామో చెప్పే భాగంలోనే) ఉంది. పేరు తీసేస్తే పేటెంటుకే ముప్పు. ఉంచితే అతనూ ఒక యజమాని. అమెరికా చట్టం ప్రకారం ఉమ్మడి యజమాని మిగతావాళ్లను అడగకుండానే ఎవరికైనా లైసెన్స్ ఇచ్చుకోవచ్చు. అలాంటప్పుడు మాకొక్కళ్లకే కావాలన్న కంపెనీ డబ్బు ఎందుకు పెడుతుంది? పాపం ఆ అబ్బాయి అడిగిన వెంటనే ఒప్పుకున్నాడు. కానీ తన దేశంలో అతను చేరిన కాలేజీ లాయర్లు కాగితాలు చూడటానికే నాలుగు నెలలు పట్టింది. ఈలోగా కంపెనీ వాళ్ల సర్క్యూట్ బోర్డు డిజైన్ ఖరారైపోయింది. మా డీకోడర్‌కు అందులో చోటు లేదు.

చిప్పుల వాళ్లకు ఇంకో చిక్కు ఉంది. 1980 నాటి బే-డోల్ చట్టం ప్రకారం, ఫెడరల్ డబ్బుతో పుట్టిన ఆవిష్కరణను అమెరికాలో అమ్ముకునే హక్కు ఒక్క కంపెనీకే ఇస్తే, ఆ వస్తువు చాలావరకు అక్కడే తయారవ్వాలి. మినహాయింపు అడగొచ్చు గానీ, తైవాన్‌లో చిప్ చేయించుకునే చిన్న కంపెనీకి అదొక టెన్షన్. పైగా డిజైన్ మీది కావొచ్చు, దాని కింద ఉన్న కోడింగ్ పద్ధతి మీద ఎంఐటీ, కాల్‌టెక్ లాంటి చోట్ల పుట్టిన పేటెంట్లు ఉన్నాయి. ల్యాబ్‌లో చదువు కోసమని తక్కువకు దొరికిన డిజైన్ టూల్స్ లైసెన్సు కూడా ఒకసారి చదవండి. వ్యాపారానికి వాడొద్దని అందులో ఉండొచ్చు.

మన దేశంలో చేస్తుంటే పేటెంట్ల చట్టంలోని సెక్షన్ 3(కె) గుర్తుంచుకోండి. గణిత పద్ధతికి, అల్గారిథమ్‌కు ఇక్కడ పేటెంటు రాదు. సర్క్యూట్‌గా చూపించాలి. అది తెలిసిన ఏజెంటును పట్టుకోండి. మన కాలేజీలు చాలావరకు పేటెంట్లు వేస్తున్నదే ఎన్‌ఐఆర్‌ఎఫ్ (కేంద్రం కాలేజీలకు ఇచ్చే) ర్యాంకులో లెక్క చూపించడానికి అనిపిస్తుంది. నంబరు వచ్చాక ఆ ఫైలు ఎవరూ తెరవరు. ఏళ్ల తరబడి రాత్రుళ్లు మేలుకుని చేసిన పిల్లల పని బీరువాలో పడి ఉంటుంటే నాకు కడుపు మండుతుంది.

ఇక రాయల్టీ. ముందే పెద్ద అడ్వాన్సు అడగొద్దు. చిన్న కంపెనీ అక్కడే పారిపోతుంది. అమ్మిన ఒక్కో యూనిట్‌కు ఇంత అని అడగండి, టెస్ట్‌బెంచ్ (డిజైన్ సరిగ్గా పనిచేస్తోందో పరీక్షించే కోడ్) మొత్తం ఇవ్వండి, డిజైన్ చేసిన విద్యార్థిని ఆరు నెలలు వాళ్ల దగ్గర కూర్చోబెట్టండి. వాళ్లు నిజంగా డబ్బు పెట్టేది దానికే. అంతకన్నా ముందు, ల్యాబ్ వదిలి వెళ్లిపోయినవాళ్ల పేర్లు ఈ రాత్రే రాసుకుని, సంతకం లేనివాళ్లకు రేపే ఫోన్ చేయండి.