మేడ మీద గ్రైండర్, రెండు బ్యాక్‌లాగ్స్

ప్రశ్న: మాది హిందూపురం. పదిహేనేళ్లుగా బెంగళూరు హోరమావులో ఉంటున్నాం. మా అబ్బాయి మెకానికల్ బీటెక్ మూడో ఏడాది, రెండు బ్యాక్‌లాగ్స్ ఉన్నాయి. ఏడాదిగా మేడ మీద గ్రైండర్ పెట్టుకుని చేత్తో స్ట్రెయిట్ రేజర్లు చేస్తున్నాడు. ఒక్కోదానికి 22 గంటలు, ₹1,400 సామాను పడుతుందట. ఆరు మొదలుపెడితే రెండు ₹4,500 చొప్పున అమ్ముడుపోయాయి. ఇక చదువు మానేసి ఇదే చేస్తానంటున్నాడు. ‘ఇంజనీరింగ్‌లో చేర్పించి మంగలి కత్తులు చేయిస్తున్నారా’ అని చుట్టాలు నవ్వుతున్నారు. నాకు నిద్ర పట్టడం లేదు. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ చుట్టాల సంగతి. ఒక ఉక్కు పట్టీ చేతికిచ్చి, గొంతు మీద గాటు పడకుండా నడిచే అంచు తీసి చూపించమనండి, చాలు. నేను ఈ సలహాల పనిలోకి రాకముందు పీణ్య పారిశ్రామిక వాడలో ఒక టూల్‌రూమ్‌లో, అంటే ఫ్యాక్టరీలకు అచ్చులూ పనిముట్లూ చేసే చోట, పదకొండేళ్లు చేశాను. మీ ఉత్తరం చదవగానే నా కన్ను పడింది చుట్టాల మాట మీద కాదు, ఆ 22 గంటల మీద.

మీకు కింద ఇంట్లోకి గ్రైండర్ మోత ఒక్కటే వినిపిస్తుంది కాబట్టి, పైన వాడు చేసేదేమిటో కాస్త చెబుతాను. స్ట్రెయిట్ రేజర్‌ని సానరాయి మీద పూర్తిగా పడుకోబెట్టి నూరుతారు. వెన్నూ అంచూ రెండూ రాయికి ఆనాలి. అంటే అంచు ఎంత కోణంలో రావాలో తేల్చేది వెన్ను మందమే. కత్తి 19 మిల్లీమీటర్ల వెడల్పు, వెన్ను 5 మిల్లీమీటర్ల మందం ఉంటే కోణం సుమారు 15 డిగ్రీలు వస్తుంది. వెన్ను ఒకచోట ఎక్కువ అరిగిందా, అక్కడ అంచు తేడా కొడుతుంది. ఆ ఆకారం వచ్చాక ఉక్కును 800 డిగ్రీల దాకా ఎర్రగా కాల్చి నూనెలో ముంచాలి. అయస్కాంతానికి అంటుకోవడం మానేసిందంటే 770 దాటిందని గుర్తు. నూనెలోంచి తీసినప్పుడు అది గాజులా పెళుసు, చెయ్యి జారి నేల మీద పడితే విరిగిపోవచ్చు. మళ్లీ 200 డిగ్రీల లోపు వేడిలో గంటా రెండు గంటలు ఉంచితేగానీ దారికి రాదు. ఇంతా చేశాక ఆఖరి గ్రైండింగ్‌లో నీళ్లలో ముంచడం ఒక్క క్షణం మరిచిపోతే అంచు నీలం రంగుకు తిరుగుతుంది. ఆ నీలం ఉన్నచోట ఇక పదును నిలవదు.

మొన్న ఫోన్లో మీవాణ్ణి అడిగాను, ఆరింటిలో ఎన్ని నూనెలో ముంచినప్పుడు వంకరపోయాయని. “మూడు సార్” అన్నాడు, దాచకుండా. ఎందుకు పోయాయంటే, “నూనెలో ముంచకముందే అంచు మరీ పల్చగా తీసేశాను సార్, ఇప్పుడు ఒక మిల్లీమీటరు వదులుతున్నాను” అన్నాడు. ఆ జవాబు టూల్‌రూమ్ ఇంటర్వ్యూలో చెబితే ఎదుటివాళ్లు కుర్చీలో ముందుకు జరుగుతారు. తర్వాత, పోయిన సబ్జెక్టులేమిటని అడిగితే ఒకటి మెటీరియల్ సైన్స్ అట. నాకు నవ్వాగలేదు. వాడికి రానిది ఆ సబ్జెక్టు కాదమ్మా, పుస్తకంలోదీ మేడ మీదిదీ ఒకటేనని వాడికి ఎవరూ చెప్పలేదంతే.

అలాగని మానేయనివ్వమని అనను. లెక్క చూడండి: ₹4,500లో సామాను పోతే ₹3,100. దాన్ని 22 గంటలకు పంచితే గంటకు ₹140. వంకరపోయిన మూడింటి సామాను కూడా కలిపితే అదీ ఉండదు. పైగా ఇవి కొనేది మన వీధి సెలూన్లు కావు, వాళ్లలో చాలామంది ఎప్పుడో బ్లేడు మార్చే కత్తులకు మారిపోయారు. సరదా కొద్దీ కొనేవాళ్లు ఉంటారు, ఎక్కువమంది విదేశాల్లో. వాళ్ల చేతిలో అప్పటికే కత్తులకు పేరుపడ్డ జర్మనీ ఊరు సోలింగెన్‌లో చేసిన పాత రేజర్ ఒకటుంటుంది, మీవాడి పనిని దానితో పోలుస్తారు. పిడికి ఎంత మంచి చెక్క వేశాడన్నది తర్వాతి మాట. పదో రేజర్ మొదటి రేజర్‌లాగే గీస్తుందా? ఆ ధీమా వాడికి వచ్చేదాకా ఇది ఆదివారం పనిగానే ఉండాలి.

బ్యాక్‌లాగ్స్ రెండూ వచ్చే సెమిస్టర్‌లో తీసేయమనండి, మెటీరియల్ సైన్స్ ముందు. సెలవుల్లో పీణ్యలో ఉక్కును కాల్చి గట్టిపరిచే హీట్ ట్రీట్‌మెంట్ షాపులు నాలుగు తిరిగి, ఎక్కడైనా నెల రోజులు జీతం లేకపోయినా నిలబడమనండి. వాడి రేజర్లు అక్కడే గట్టిచేయించి హార్డ్‌నెస్ (గట్టిదనం) కొలిపిస్తే, రాక్‌వెల్ సీ స్కేలు మీద 60 దాటుతుందో లేదో అంకె తెలుస్తుంది. డిగ్రీ చేతికొచ్చాక టూల్‌రూమ్ పని నేర్పే సంస్థలు రాజాజీనగర్‌లో జీటీటీసీ (ప్రభుత్వానిది), పీణ్యలో ఎన్‌టీటీఎఫ్ ఉన్నాయి. టూల్ డిజైన్‌లో బీటెక్ వాళ్లను ఏ కోర్సుల్లోకి తీసుకుంటున్నారో నేరుగా వెళ్లి కనుక్కోండి. డైలు, మోల్డులు చేసే కంపెనీల్లో ఉక్కు మనసెరిగిన కుర్రాళ్లకు ఎప్పుడూ చోటుంటుంది. బయటికి పంపి అమ్మే రోజు వస్తే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమల నమోదు) ఉచితం, ఎగుమతి కోడ్‌కు ₹500. ఆ పని ఒక పూటలో అయిపోతుంది, దానికి ఇప్పుడే టెన్షన్ వద్దు.

ఇంకొకటి, ఇది మాత్రం ఈ వారమే చూడండి. మేడ మీద వాడు ముక్కుకు చేతిరుమాలు కట్టుకుని గ్రైండింగ్ చేస్తున్నాడట. ఉక్కు పొడి, పిడి కోసం కోసే కొమ్ము పొడి, రెండూ ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఎన్95కు తగ్గని మాస్క్, పక్కలు మూసుకునే కళ్లద్దాలు కొనివ్వండి. రాత్రి తొమ్మిది తర్వాత గ్రైండర్ ఆపేయమని చెప్పండి, పక్కింటివాళ్లు ఇప్పటికి రెండుసార్లు వచ్చారని వాడే ఒప్పుకున్నాడు.