నాటకం నుంచి కోట్ చేసేటప్పుడు పేజీ నంబరు వేస్తే సరిపోతుందా?

కన్యాశుల్కం మీద ఇంగ్లీషులో థీసిస్ రాస్తున్నానని, ఒక అధ్యాయంలో షేక్‌స్పియర్‌తో పోలిక కూడా ఉందని, సంభాషణలు కోట్ చేసినప్పుడు పేజీ నంబరు ఇవ్వాలో అంకం నంబరు ఇవ్వాలో తెలియడం లేదని అడిగారు. పేజీ నంబరు ఒక్కటే వేసి వైవాలో దొరికిపోయినదాన్ని కాబట్టి ముందు ఆ సంగతి చెప్తాను.

నా ఎంఫిల్‌లో మధురవాణి మాటలు చాలాచోట్ల వాడుకున్నాను. ప్రతిచోటా గురజాడ, 1897 అని రాసి పక్కన పేజీ వేశాను. కన్యాశుల్కం 1897లో అచ్చయిందని ఇంటర్ నుంచీ బట్టీ పట్టిన ముక్కే కదా అని ధైర్యం. ఎగ్జామినర్‌గా వచ్చిన పెద్దాయన ఒక పేజీ దగ్గర ఆగి, "ఇక్కడ ఏడో అంకం అన్నావమ్మా, 1897 ప్రతిలో ఏడో అంకం ఎక్కడ దొరికింది నీకు?" అన్నారు. నాకు నోట మాట రాలేదు. 1897లో వచ్చినదాంట్లో ఉన్నవి ఐదు అంకాలే. గురజాడ దాన్ని దాదాపు తిరగరాసి 1909లో ఏడు అంకాలతో వేశారు. ఇప్పుడు మనం మామూలుగా చదివేది ఆ రెండో కూర్పునే. మధురవాణి అంతటి మనిషిగా కనబడేదీ అందులోనే. ఒక నాటకం చదివి ఇంకో నాటకం పేరున రాశానన్నమాట. పోనీ నా చేతిలో ఉన్నది 1909 నాటి ప్రతా అంటే అదీ కాదు, ఎప్పటిదో పునర్ముద్రణ. ఆ పేజీ నంబర్లు ఇంకో ప్రచురణ కొన్నవాళ్లకి ఎందుకూ పనికిరావు.

కాబట్టి మొట్టమొదట మీ దగ్గరున్నది ఏ కూర్పు, ఏ ముద్రణ అన్నది తేల్చుకోండి. ఉపయుక్త గ్రంథాల్లో రెండు సంవత్సరాలూ ఉండాలి. ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) పద్ధతిలో అయితే కోట్ పక్కన బ్రాకెట్లో మూల సంవత్సరం, ఏటవాలు గీత, మీ ప్రతి సంవత్సరం వేస్తారు. షేక్‌స్పియర్‌కి 1623/1995 అని వేసినట్టు. ఇంకో చిక్కు, నాటకం మొదట ఆడింది 1892లో. అది ప్రదర్శన సంవత్సరం, ప్రచురణ సంవత్సరం కాదు. చర్చలో చెప్పుకోండి, బ్రాకెట్లో మాత్రం పెట్టకండి.

మీ గైడు ఎంఎల్ఏ పద్ధతి, అంటే మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్ వారి పద్ధతి అన్నారని రాశారు. (నేను ఎంఎల్ఏ స్టైల్లో రాస్తున్నానంటే మా నాన్న "ఏ నియోజకవర్గం?" అని అడిగారు.) అందులో హామ్లెట్ లాంటి పద్య నాటకానికి పేజీ వేయరు. అంకం, రంగం, పంక్తి మధ్యలో చుక్కలు పెట్టి 3.1.64 అని వేస్తారు. ఎవరి పుస్తకంలోనైనా దొరకాలన్నదే దీని ఉద్దేశం. అయినా పూర్తిగా నమ్మకండి. అందరికీ తెలిసిన 'టు బి ఆర్ నాట్ టు బి' స్వగతం ఫోల్జర్ ప్రతిలో 64వ పంక్తిలో మొదలైతే, పాత ఆర్డెన్ ప్రతిలో 56లో మొదలవుతుంది. గద్యం వచ్చినచోట పంక్తులు పేజీ వెడల్పును బట్టి మారిపోతాయి. అందుకని మొత్తం థీసిస్‌కి ఒకే ప్రతి పట్టుకోండి. నెట్‌లో ఒకటి, లైబ్రరీలో ఒకటి చూసి కలిపి రాస్తే తర్వాత సరిచూసుకోవడానికి నెల పడుతుంది.

కన్యాశుల్కం వచన నాటకం, పంక్తుల లెక్క ఉండదు. ముందు పేజీ, తర్వాత సెమికోలన్, ఆ తర్వాత అంకం, స్థలం వేయండి. గురజాడ రంగాన్ని 'స్థలము' అన్నారు, మీరు రంగం అని మార్చనక్కర్లేదు. ఇంగ్లీషు అనువాదం నుంచి కోట్ చేస్తే అనువాదకుల పేరు తప్పనిసరి. వెల్చేరు నారాయణరావు గారి అనువాదం (2007) వాడుతూ, ఎక్కడైనా ఒక వాక్యం మీరే అనువదించుకుంటే అది మీదని చెప్పండి.

ఇద్దరు ముగ్గురు మాట్లాడుకునే భాగాన్ని విడిగా, కాస్త లోపలికి జరిపి వేయాలి. ఇంగ్లీషులో పాత్ర పేరును పెద్దక్షరాల్లో వేయమంటారు. తెలుగు లిపిలో పెద్దక్షరాలే లేవు కదా, తెలుగు మూలం ఇచ్చినచోట నేను బోల్డ్ చేసి చుక్క పెట్టాను, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

డీటీపీ దగ్గర జాగ్రత్త. 'యిరవై', 'వొచ్చాడు' లాంటివన్నీ మా డీటీపీ అబ్బాయి శుభ్రంగా 'ఇరవై', 'వచ్చాడు' చేసేసి, "చాలా తప్పులున్నాయి మేడం, దిద్దేశాను" అన్నాడు. రెండు రాత్రులు కూర్చుని ఆ 'తప్పులు' మళ్లీ పెట్టుకున్నాను. మీ ప్రతిలో ఎలా ఉంటే అలాగే ఉండాలి.

పద్య నాటకాల జోలికి వెళ్తే అసలు ప్రమాదం అక్కడుంది. స్టేజీ మీద విన్నదంతా ఆ నాటకంలోది కాదు. హరిశ్చంద్రలో కాటి సీను వస్తే 'ఇచ్చోటనే' పద్యం లేకుండా జనం ఊరుకోరు. దాన్ని బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి నాటకంలోదని రాసిన వ్యాసం ఒకటి నేనే దిద్దాను. అది జాషువా 'శ్మశానవాటి' ఖండికలోది, నటులు తెచ్చి కలుపుకున్నారు. కురుక్షేత్రం పేరుతో ఆడేదాంట్లోనూ తిరుపతి వేంకట కవుల రెండు నాటకాల పద్యాలు కలిసి ఉంటాయి. ప్రదర్శన చూసి రాస్తే ప్రదర్శన అనే రాయండి: దర్శకుడు, సంస్థ, ఊరు, తేదీ. పద్యాన్ని మాత్రం అచ్చు పుస్తకంలో వెతికి పట్టుకున్నాకే కవి పేరు వేయండి. అచ్చుకాని పరిషత్తు నాటకమైతే అముద్రిత స్క్రిప్టు అని, ఎవరి దగ్గర చూశారో రాస్తే చాలు.

ఇంకొక్కటి, మీరు ప్రశ్నలో "గురజాడ చెప్పినట్టు" అని పెట్టిన మాట గిరీశానిది. గిరీశం కోసే కోతలు గురజాడ నెత్తిన వేస్తే ఎలాగండీ? "గిరీశం అంటాడు" అని మార్చుకోండి, బ్రాకెట్లో గురజాడ పేరు ఎలాగూ ఉంటుంది.

మీ పుస్తకం లోపలి పేజీలో ముద్రణ వివరాలు ఏమున్నాయో కామెంట్లో రాయండి, గ్రంథసూచిలో ఎలా వేయాలో చెప్తాను.