సున్నా వడ్డీకి ట్రాక్టరా, నగదుకా? ముందు రెండు ధరలు రాయించుకోండి

మీ పరిస్థితి నాకు అర్థమైనంతవరకు ఇదీ: ట్రాక్టర్‌కి సరిపడా డబ్బు చేతిలో ఉంది. డీలరేమో 48 నెలల వాయిదాలు, వడ్డీ సున్నా అంటున్నాడు. ఇంట్లోవాళ్లు అప్పు జోలికి వెళ్లొద్దంటున్నారు, స్నేహితుడు ఊరికే వచ్చేదాన్ని ఎందుకు వదులుకుంటావంటున్నాడు. నేను ఒక ట్రాక్టర్ వడ్డీలేని వాయిదాల మీద కొన్నాను, ఇంకోటి మొత్తం నగదు కట్టి కొన్నాను. రెండుసార్లూ దెబ్బ తిన్నాను కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

మొదటిసారి "వడ్డీ లేదు" అన్న మాట వినగానే ఇంకేమీ అడగలేదు. చూపించినచోటల్లా సంతకాలు పెట్టి బండి తెచ్చుకున్నాను. నెల తిరక్కుండానే తెలిసినాయన అదే మోడల్ కొన్నాడు. ఆయన కొటేషన్ చూస్తే పైన నా ధరే ఉంది. దాని కింద మాత్రం "నగదు తగ్గింపు" అని ఒక వరుస, ధరలో 8 శాతం. నా కాగితంలో ఆ వరుసే లేదు. వెళ్లి అడిగితే డీలర్ చాలా మామూలుగా అన్నాడు: "రెండూ కలిపి ఇవ్వరండీ, మీరు వాయిదాలు తీసుకున్నారు కదా."

ఆయన చెప్పింది అబద్ధం కాదు. వడ్డీ వదులుకుని ఎవరూ అప్పివ్వరు. ఇలాంటి ఆఫర్లలో మామూలుగా ఆ వడ్డీని తయారీ కంపెనీయే ఫైనాన్స్ సంస్థకు కడుతుంది. నగదు ఇచ్చేవాళ్లకు దాని బదులు ధరలో కోత ఇస్తుంది. మీరు ఏది తీసుకుంటే రెండోది పోతుంది. కాబట్టి ఆ కోత ఎంతో తెలిస్తే తప్ప సున్నా వెనక ఉన్న అసలు వడ్డీ బయటపడదు.

లెక్క ఇలా వేయండి. ధర 100 అనుకుందాం, నగదైతే 92. వాయిదాలు తీసుకుంటే 92 ఖరీదు చేసే బండికి 48 నెలల్లో 100 కడుతున్నారు, ఆ 8 వడ్డీయే. నెలనెలా బాకీ తగ్గుతూ పోతుంది కాబట్టి ఆ 92 మొత్తం నాలుగేళ్లూ మీ దగ్గర ఉండదు, సగటున రెండేళ్లు ఉన్నట్టు. ఆ లెక్కన ఏడాదికి 4 శాతం పైచిలుకు పడుతుంది. తగ్గింపు అదే 8 ఉండి గడువు 24 నెలలే అయితే 8 శాతం దాటుతుంది, 60 నెలలైతే 3.3 దగ్గర ఆగుతుంది. అప్పు త్వరగా తీరితే మంచిదని మనకు అలవాటు, ఇక్కడ అది ఎదురు తిరుగుతుంది. డౌన్ పేమెంట్ సంగతీ అంతే. పాతిక ముందే కట్టేస్తే అప్పు తగ్గుతుంది గానీ పోగొట్టుకున్న తగ్గింపు అదే 8, అందుకని 48 నెలలకే వడ్డీ 5.6 శాతం దాకా లేస్తుంది. నేను డౌన్ పేమెంట్ ఎక్కువ కట్టి పెద్ద తెలివైన పని చేశాననుకున్నాను!

వచ్చిన శాతాన్ని రెండింటితో పోల్చండి: పన్ను పోగా మీ డిపాజిట్ మీద చేతికొచ్చే వడ్డీ ఎంత, మీ బ్యాంకు మామూలుగా ట్రాక్టర్ లోనుకు ఎంత అడుగుతుంది. బ్యాంకు లోను తీసుకుని డీలర్ దగ్గర నగదు ధరకే కొనొచ్చన్న సంగతి చాలామందికి తట్టదు.

ఇక రెండో ట్రాక్టర్. ఈసారి తగ్గింపు మొత్తం రాబట్టి, ఉన్నదంతా ఊడ్చి కట్టేశాను. రెండు నెలలకే పంట పనులు మొదలయ్యాయి. విత్తనాలకు, ఎరువులకు డబ్బు లేదు. అదే సమయంలో పాత బండి క్లచ్ ప్లేట్లు అరిగిపోయాయి. షెడ్డులో కొత్త బండి మెరుస్తూ ఉంది, అందులో డీజిల్ పోయించడానికి నేను చేబదులు అడుగుతున్నాను. ఆ సీజన్‌కి బయట తెచ్చిన అప్పు మీద కట్టిన వడ్డీ, నేను అంత కష్టపడి సంపాదించిన తగ్గింపులో సగానికి పైగా తినేసింది. టెన్షన్ సంగతి సరేసరి.

అందుకే ఒక సీజన్ పెట్టుబడి, ఒక పెద్ద రిపేరుకు సరిపోయే డబ్బు పక్కన పెట్టాక మిగిలిందే మీ నగదు అనుకోండి. అది నగదు ధరకు చాలకపోతే వాయిదాలకు వెళ్లడంలో తప్పేమీ లేదు, కొంచెం వడ్డీ పడినా సరే.

డీలర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఎలా కడతారో ముందే చెప్పకండి. ఒకే రోజు, ఒకే మోడల్‌కి, అవే పనిముట్లతో రెండు కొటేషన్లు కాగితం మీద తీసుకోండి. సున్నా వడ్డీ చాలాసార్లు ట్రాక్టర్‌కే ఉంటుంది, రోటవేటర్‌కో లోడర్‌కో మామూలు వడ్డీ పడొచ్చు. ప్రాసెసింగ్ ఫీజు, వాళ్లే అంటగట్టే ఇన్సూరెన్స్ ఉంటే ఆ 8కి కలపండి. ఒక్క వాయిదా తప్పితే ఏమవుతుందో ఒప్పందంలో చదవండి, కొన్నింట్లో సున్నా కాస్తా ఎగిరిపోతుంది. నాకు ఎక్కువ ఇబ్బంది పెట్టింది మాత్రం నెలవారీ వాయిదా. పంట డబ్బు నెలనెలా రాదు కదా. ఆరు నెలలకోసారి కట్టే వీలుందేమో గట్టిగా అడగండి. బాకీ తీరేదాకా బండి వాళ్ల పేర తాకట్టులోనే ఉంటుంది, మధ్యలో అమ్మాలన్నా మార్చాలన్నా ముందు వాళ్ల లెక్క తేల్చాలి.

మీ స్థానంలో నేనుంటే, ఫీజులు కలిపినా నగదు తగ్గింపు 2, 3 శాతం లోపే ఉంటే ఆలోచించకుండా 48 నెలలకు సంతకం పెట్టి, నా డబ్బు డిపాజిట్‌లో వేసుకుంటాను. 8, 10 శాతం ఇస్తున్నాడంటే నగదు కడతాను, పక్కన పెట్టాల్సింది పెట్టాక అంత మిగిలితేనే. మధ్యలో ఉంటే డీలర్‌ని ఇంకోసారి బేరమాడతాను. నెలాఖరుకు బండ్లు అమ్ముడుపోక అవస్థపడుతుంటే తగ్గింపు అంకె కదులుతుంది.