గడియారం ఎప్పటి నుంచి?

చి. అమ్మాయికి ఆశీస్సులు.

రగ్బీలో కిక్‌ల గడువు మీద నీ వ్యాసం రెండుసార్లు చదివాను. భాష బాగుంది. మూడో పేజీకి వచ్చేసరికి మాత్రం కోపం ఆగలేదు. 2022 సెప్టెంబరులో మెల్‌బోర్న్‌లో న్యూజిలాండ్‌తో మ్యాచ్‌లో ఆస్ట్రేలియా ఆటగాడు ఫోలీ 60 సెకన్ల గడువు దాటాడని, అందుకే రిఫరీ అవతలి జట్టుకి స్క్రమ్ (రెండు జట్లూ ఎదురెదురుగా నెట్టుకుంటూ ఆట మళ్లీ మొదలెట్టడం) ఇచ్చాడని రాశావు. ఆ 60 ఎక్కడిది? అది గోల్‌కి, అంటే పాయింట్ల కోసం పోస్టుల మధ్యకి, కొట్టే పెనాల్టీకి పెట్టిన గడువు. ఫోలీ బంతిని టచ్‌లోకి, అంటే మైదానం పక్క గీత బయటికి, కొట్టబోతున్నాడు. అలాంటి కిక్‌కి రూల్లో అంకె లేదు, ఆలస్యం చేయకూడదన్న మాటే ఉంది. ఆస్ట్రేలియా 37-34తో ముందుంది. రిఫరీ రేనాల్ ఆగిన గడియారాన్ని మళ్లీ నడిపించి, ఆడమన్నాడు. ఫోలీ ఇంకా తన్నలేదు. స్క్రమ్ న్యూజిలాండ్‌కి పోయింది, దాంతోపాటు 39-37తో మ్యాచ్ కూడా. ఎంతసేపు ఆగితే ఆలస్యం అవుతుంది? నువ్వు తవ్వాల్సింది అక్కడ. లేని అంకె తెచ్చిపెట్టి ఆ చర్చకే తలుపు మూసేశావు.

గడువు గురించి రాసేవాళ్లు ఎంత అన్నదానికంటే ముందు ఎప్పటి నుంచి అన్నది రాయాలి. ఈ మాట ముప్పై ఏళ్లుగా అంటున్నాను, ఇంకా అంటాను. గోల్‌కి కొడతామని జట్టు తెలియజేసిన క్షణం నుంచి 60 లెక్క. బంతిని నిలబెట్టే టీ మైదానంలోకి వచ్చినప్పటి నుంచి కాదు, బంతి కుదురుగా నిలిచినప్పటి నుంచీ కాదు. బంతి దొర్లిపడితే మళ్లీ నిలబెట్టుకోవడం కూడా అందులోనే. రిఫరీ ఆట సమయం ఆపితే ఆ లెక్కా ఆగుతుంది.

2024 ఫిబ్రవరిలో లీల్‌లో ఫ్రాన్స్, ఇటలీ 13-13 మీద ఉండగా ఇటలీ ఆటగాడు గార్బిసీకి ఆఖరి పెనాల్టీ దొరికింది. బంతి టీ మీంచి పడిపోయింది. కిక్ గడువు లెక్కపెట్టే షాట్ క్లాక్ ఆగలేదు. వంగి, మళ్లీ పెట్టి, ఊపిరి తీసుకునే తీరిక లేకుండా తన్నాడు. పోస్టుకి తగిలింది. నువ్వు దాన్ని 'దురదృష్టం' అని ఒక్క ముక్కలో దాటేశావు! కన్వర్షన్‌కి (బంతిని గోల్ గీత దాటించి నేలకి ఆనించాక అదనపు పాయింట్లకి కొట్టే కిక్‌కి) 90 సెకన్లు అన్నదీ పాత లెక్కే, 2025 నుంచి అదీ 60 అయింది.

నా తొలి రోజుల్లో ఇలాంటి కిక్ మీదే ఒక రిపోర్టు రాశాను. 'గోల్‌కి కొడతామని చెప్పినప్పటి నుంచి' అన్న ముక్క పాఠకుడికి విసుగని ఎడిటర్ కొట్టేసి, ఆ చోట ఆటగాడి కన్నీళ్లు పెట్టాడు. కన్నీళ్లు నేను చూడలేదు. మర్నాడు ఒక పెద్దాయన ఫోన్ చేసి, "లెక్క ఎక్కడ మొదలెట్టావు బాబూ?" అన్నాడు. పేరు నాది, జవాబు లేదు. ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు. అప్పటి నుంచి స్టాప్‌వాచ్ పట్టుకునే మ్యాచ్ చూస్తాను. కెప్టెన్ వేలు పోస్టుల వైపు లేవగానే నొక్కుతాను.

ఏ పత్రికకి పంపాలో తర్వాత చూద్దాం. ముందు ఆ మెల్‌బోర్న్ వీడియో మళ్లీ పెట్టుకో. రేనాల్ గడియారం నడిపించమన్న చోటి నుంచి ఈల ఊదేదాకా నువ్వే లెక్కపెట్టు. ఎన్ని సెకన్లు వచ్చిందో రాసి, మూడో పేజీతో కలిపి పంపు.