ఫర్నిచర్ వెబ్‌సైట్‌కు గూగుల్ యాడ్స్ ఏజెన్సీకి ఇవ్వాలా, మనమే చేసుకోవచ్చా?

మీరు ఖమ్మంలో టేకు మంచాలు, సోఫాలు చేయించి అమ్ముతున్నారు. వెబ్‌సైట్ పెట్టి ఆరు నెలలైనా ఫోన్లు రావడం లేదు. ఏజెన్సీ వాళ్ళు నెలకు పదిహేను వేలు అడుగుతున్నారు, ఇవ్వాలా, లేక టూల్స్ నేర్చుకుని మనమే చేసుకోవచ్చా అని మీ ప్రశ్న. మాది తెనాలిలో గానుగ నూనె వ్యాపారం. సరుకు వేరే అయినా, 2022లో నేనూ సరిగ్గా ఇదే ప్రశ్న దగ్గర ఆగిపోయాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నా మాట వింటే మొదటి మూడు నెలలు మీరే చేసుకోండి. రోజుకు రెండు మూడు వందలు చాలు. ఇంకొకరికి అప్పజెప్పాలనుకుంటే ఆ తర్వాత అప్పజెప్పవచ్చు. జనం ఏ మాట కొట్టి వెతికితే మన యాడ్ కనబడుతోందో యజమాని ఒక్కసారైనా కళ్ళారా చూసి తీరాలి. మేము చూడకపోవడం వల్లే నష్టపోయాం.

అప్పట్లో మేము ఒక ఏజెన్సీకే ఇచ్చాం. నెలాఖరుకు అందమైన రిపోర్టు వచ్చేది. ఇంతమందికి యాడ్ కనబడింది, ఇంతమంది నొక్కారు అని, ప్రతి నెలా గీత పైకే వెళ్ళేది. ఫోన్లు కూడా మోగేవి. తీరా ఎత్తితే, "గానుగ మిషన్ ఎంతకు ఇస్తారండీ? సబ్సిడీ వస్తుందా?" అని అడిగేవారు. నాన్న ఓపిగ్గా ప్రతి ఒక్కరికీ "మేము మిషన్లు అమ్మం బాబూ, నూనె అమ్ముతాం" అని చెప్పేవారు. రోజుకు ఐదారు సార్లు అదే మాట. చివరికి నేను సెర్చ్ టర్మ్స్ రిపోర్టు, అంటే జనం ఏ మాటలు కొట్టినప్పుడు మా యాడ్ కనబడిందో చూపించే జాబితా, పంపమని అడిగాను. రెండుసార్లు అడిగాక ఎక్సెల్ షీట్ వచ్చింది. అందులో పై వరుసల్లో ఉన్నవి ఇవి: "ఆయిల్ మిషన్ ప్రైస్", "గానుగ మిషన్ ధర", "ఆయిల్ మిల్లు బిజినెస్ లాభాలు", "జుట్టుకు ఏ నూనె మంచిది". నూనె కొనడానికి వెతికినవాళ్ళు ఎక్కడో కింద ఉన్నారు. ఒక్కో క్లిక్కుకు డబ్బు కట్టింది మాత్రం మేమే.

ఇది ఎందుకు జరుగుతుందంటే, కీవర్డ్‌ను, అంటే ఏ మాటకు యాడ్ చూపించాలో మనం ఇచ్చే మాటను, ఊరికే రాసి వదిలేస్తే గూగుల్ దాన్ని బ్రాడ్ మ్యాచ్ కింద తీసుకుంటుంది. అంటే ఆ మాటకు దగ్గరగా ఉందని తనకు అనిపించిన ప్రతి వెతుకులాటకూ యాడ్ చూపిస్తుంది. కొటేషన్ గుర్తుల మధ్య రాస్తే ఫ్రేజ్ మ్యాచ్, అంటే మన మాట అర్థం అందులో ఉన్న వెతుకులాటలకే; చదరపు బ్రాకెట్లలో రాస్తే ఎగ్జాక్ట్ మ్యాచ్, అంటే అచ్చంగా అదే అర్థం ఉన్నవాటికే. తక్కువ డబ్బుతో మొదలుపెట్టేవాళ్ళకు ఈ రెండే మంచివి. వీటితోపాటు నెగెటివ్ కీవర్డ్స్ పెట్టాలి. ఫలానా మాట ఉంటే నా యాడ్ చూపించకు అని చెప్పడం అన్నమాట. మా జాబితాలో మొదటి మాట "మిషన్". మీకైతే "సెకండ్ హ్యాండ్", "రిపేర్", "పాత", "జాబ్స్", "డిజైన్ ఫొటోలు" లాంటివి మొదటి రోజే పెట్టేయండి. తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాల్లో ఒకసారి రాయండి, ఎందుకంటే జనం రెండు రకాలుగానూ కొడతారు. సెర్చ్ టర్మ్స్ రిపోర్టు అన్ని మాటలనూ చూపించదు, కొన్నింటిని దాచేస్తుంది. అయినా చూపించినవి చాలు, వారానికి ఒకసారి కూర్చుని చదవండి.

ఖాతా తెరిచేటప్పుడు ఇంకో మూడు చోట్ల జాగ్రత్త. సెర్చ్ యాడ్ పెడుతున్నప్పుడు డిస్‌ప్లే నెట్‌వర్క్ (వేరే వెబ్‌సైట్లు, యాప్‌లలో కూడా యాడ్ చూపించడం) అని ఒక టిక్ కనబడుతుంది, తీసేయండి. లొకేషన్ దగ్గర మామూలుగా "ఆ ఊళ్ళో ఉన్నవాళ్ళు, ఆ ఊరి మీద ఆసక్తి ఉన్నవాళ్ళు" అని ఇద్దరినీ కలిపి ఉంచుతారు. మీరు ఖమ్మం, సూర్యాపేట, కొత్తగూడెం వరకే లారీలో సరుకు పంపగలిగితే ఉన్నవాళ్ళు మాత్రమే అన్నది ఎంచుకోండి. ఇక రికమండేషన్స్ అని గూగుల్ చూపించే సలహాల్లో కొన్ని మనం అడగకుండానే అమలయ్యేలా ఆటో అప్లై అని ఒకటి ఉంటుంది. దాన్ని ఆపేసి, ప్రతి సలహానూ చదివి మీరే నిర్ణయించుకోండి.

డబ్బు లెక్క కూడా ముందే తెలుసుకుంటే కంగారు ఉండదు. నేను రోజుకు 300 పెట్టుకుంటే ఒక ఆదివారం 560 ఖర్చయింది. ఆ రాత్రంతా టెన్షన్. తర్వాత తెలిసింది, ఏ ఒక్క రోజైనా మనం పెట్టినదానికి రెట్టింపు దాకా వాళ్ళు ఖర్చు చేయవచ్చు, కానీ నెల మొత్తానికి రోజు బడ్జెట్‌కు 30.4 రెట్లు దాటనివ్వరు. ముందుగా డబ్బు వేసుకునే పద్ధతిలో 18 శాతం జీఎస్‌టీ అందులోంచే పోతుంది, అంటే యాడ్‌లకు 1,000 కావాలంటే 1,180 కట్టాలి. మీకు జీఎస్‌టీ నంబరు ఉంటే ఖాతాలో తప్పకుండా ఎక్కించండి, మీ ఆడిటర్ గారు ఇలా కట్టిన పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే మీరు కట్టాల్సిన జీఎస్‌టీలోంచి తగ్గించుకునేదిగా, చూపిస్తారు.

ఇప్పుడు టూల్స్ సంగతి. మీరు అడిగిన పెద్ద పెద్ద నెలవారీ చందాల టూల్స్ ఏవీ ఇప్పుడు మీకు అక్కర్లేదు. నాకు పనికొచ్చినవన్నీ ఉచితమే.

షోరూమ్ ఉన్నవాళ్ళకు అన్నిటికంటే ముందు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్. 2021 చివరి వరకు దీన్నే గూగుల్ మై బిజినెస్ అనేవారు. మ్యాప్‌లో మీ షాపు, టైమింగ్స్, ఫోన్ నంబరు కనబడేది దీంతోనే. ఫర్నిచర్ కొనేవాళ్ళు చేత్తో తట్టి చూడకుండా కొనరు, కాబట్టి మీకు వెబ్‌సైట్ కంటే ముందు ఇదే ఫోన్లు తెస్తుందని నా నమ్మకం. డెలివరీ అయిన ప్రతి ఇంట్లో, మంచం బిగించాక, ఫొటోతో ఒక రివ్యూ రాయమని అడగండి.

రెండోది సెర్చ్ కన్సోల్. యాడ్‌లతో సంబంధం లేకుండా జనం ఏ మాటలు కొట్టినప్పుడు మన పేజీ వచ్చిందో, ఎన్నో స్థానంలో వచ్చిందో చూపిస్తుంది. పదహారు నెలల లెక్క దాచి ఉంచుతుంది. మాకు కళ్ళు తెరిపించింది ఇదే. మా సైట్ నిండా "వేరుశనగ నూనె" అని రాసుకున్నాం, మా ఇంట్లో మాట్లాడే మాట అదే కదా. హైదరాబాద్ నుంచి వెతికేవాళ్ళంతా "పల్లీ నూనె" అని కొడుతున్నారు. మా పేజీ వాళ్ళకు నలభయ్యో స్థానంలో ఎక్కడో వస్తోంది. కర్నూలు వైపు వాటినే బుడ్డలు అంటారని అమ్మ గుర్తుచేసింది. పేజీ మొదటి పేరాలోనే "వేరుశనగ, అంటే పల్లీ నూనె" అని సహజంగా రాసి, పేజీ పేరులోనూ పల్లీ చేర్చాం. మూడు నెలల్లో అది గూగుల్ ఫలితాల మొదటి పేజీకి వచ్చింది, అదీ పైసా ఖర్చు లేకుండా. మీ దగ్గర కూడా "కాట్", "మంచం", "బెడ్", "దివాన్" అని ఒక్కొక్కరు ఒక్కోలా అంటారు. షాపుకు వచ్చినవాళ్ళు నోటితో ఏమని అడుగుతున్నారో ఒక వారం పాటు నోట్‌బుక్‌లో రాసుకోండి. ఒక మాటను నెలకు ఎంతమంది వెతుకుతారో చెప్పే గూగుల్ వాళ్ళ కీవర్డ్ ప్లానర్ కూడా ఉంది కానీ, యాడ్‌ల మీద పెద్దగా ఖర్చు చేయని ఖాతాలకు అది వెయ్యి నుంచి పదివేలు అన్నట్టు ఉజ్జాయింపు లెక్కే ఇస్తుంది. మీ నోట్‌బుక్ దానికంటే నయం.

మూడోది మైక్రోసాఫ్ట్ క్లారిటీ. సైట్‌కు వచ్చినవాళ్ళు ఎక్కడ నొక్కారో, పేజీని ఎక్కడిదాకా కిందికి జరిపారో వీడియోలా చూపిస్తుంది. ఒకరు మా నువ్వుల నూనె సీసా బొమ్మ మీద వరుసగా నాలుగుసార్లు నొక్కడం చూశాను. అది ఉత్త ఫొటో, లింకు కాదు. నాలుగోసారి నొక్కి వెళ్ళిపోయారు. అది చూస్తే కొట్టు గుమ్మం దాకా వచ్చిన మనిషిని పలకరించకుండా పంపేసినంత బాధ వేసింది. ఆ సాయంత్రమే ప్రతి ఫొటోకూ లింకు పెట్టించాను, దాని కిందే వాట్సాప్ బటన్ కూడా.

పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో మీ సైట్ అడ్రస్ వేసి ఫోన్‌లో ఎంత వేగంగా తెరుచుకుంటుందో చూడండి. ఫర్నిచర్ సైట్లలో ఫొటోల బరువే పెద్ద సమస్య. కెమెరాలోంచి తీసిన ఫొటోను అలాగే ఎక్కించకుండా సైజు తగ్గించి ఎక్కించండి.

యాడ్‌లు ఇస్తే ఎస్ఈఓ, అంటే డబ్బు కట్టకుండా వచ్చే మామూలు ఫలితాల్లో మన స్థానం, కూడా పెరుగుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి, ఆ రెంటికీ సంబంధం లేదని గూగులే చెబుతుంది. మొదటి స్థానం గ్యారంటీ అనేవాళ్ళనూ అంతే, అది ఎవరి చేతిలోనూ లేదు.

మా ఏజెన్సీ సంగతి మధ్యలో ఆపాను. వాళ్ళతో మానేసినప్పుడు తెలిసింది, ఖాతా వాళ్ళ మెయిల్ మీద తెరిచారని. ఏ మాటకు ఎన్ని ఆర్డర్లు వచ్చాయో ఆ చరిత్ర అంతా అక్కడే ఉండిపోయింది, మేము కొత్త ఖాతాతో మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాం. కాబట్టి మీరు ఎవరికిచ్చినా ఖాతా మీ జీమెయిల్‌తో మీరే తెరవండి. ఖాతాలో పైన పది అంకెల కస్టమర్ ఐడీ ఉంటుంది, అది ఇస్తే ఏజెన్సీ వాళ్ళు తమ మేనేజర్ ఖాతా (చాలామంది ఖాతాలను ఒకేచోట నడిపే ఖాతా) నుంచి రిక్వెస్ట్ పంపుతారు, మీరు ఒప్పుకుంటే పని చేసుకుంటారు. వద్దనుకున్న రోజు మీరే ఆ లింకు తీసేయవచ్చు. పదిహేను వేలు అడిగినవాళ్ళను ముందు ఈ పద్ధతికి సరేనా అని అడగండి. ఆ పదిహేను వేలలో యాడ్ డబ్బు కలిసి ఉందా, అది వేరేనా అన్నది కూడా రాతపూర్వకంగా తీసుకోండి.