అక్కడి నోటరీ చెట్టు కింద కూసోడు

ఈసారి సంచిల పడ్డ ఉత్తరాలల్ల నాలుగు పోలండ్ గురించే ఉన్నయి. మన దిక్కు పిల్లలు అటు ఎంతమంది పోయిన్రో దీన్ని బట్టే తెలుస్తున్నది. అందుకే ఈ వారం భూముల పంచాయితీలు పక్కకు పెట్టి వీటికే జవాబు రాస్తున్న.

ప్రశ్న: వకీలు సార్‌కు నమస్కారం. మా పిలగాడు వ్రోత్స్వాఫ్‌ల సాఫ్ట్‌వేర్ జాబ్ చేస్తడు. పోయి ఆరేండ్లాయె, కోడలు, మనవరాలు సుత ఆడనే. పోయినేడు ఫ్లాట్ కొన్నడు. మొన్న ఫోన్ చేసి "అమ్మా, నోటరీ దగ్గర విల్లు రాయిస్తున్న" అన్నడు. నలభై నిండని పోరడు విల్లు రాసుడేంది సార్, నాకైతే గుండె దడదడ కొట్టుకున్నది. అయినా నోటరీ అంటే కోర్టు ముంగట ముద్ర కొట్టేటాయనే గదా, ఆయన దగ్గర రాసింది చెల్లుతదా? కొడుకు ఆస్తిల తల్లికి వాటా ఉంటదా? – ఓ తల్లి, హనుమకొండ

జవాబు: అమ్మా, ముందుగాల నిమ్మలం కాండ్రి. పిలగానికి ఏం కాలే, పైగా తెలివైన పని చేస్తున్నడు. ఎందుకో చెప్త.

మన దగ్గర నోటరీ అంటే 1952 చట్టం కింద లైసెన్స్ ఉన్న వకీలు. సంతకం మీదే అని సాక్ష్యం చెప్పి ముద్ర కొడ్తడు, లోపల ఏం రాసి ఉన్నదో అది మీ లెక్క. అక్కడ అట్ల కాదు. పోలండ్ నోటరీని న్యాయశాఖ మంత్రి నియమిస్తడు, 1991 చట్టం ప్రకారం నడుస్తడు, దస్తావేజు ఆయననే తయారుచేస్తడు, చట్టానికి వ్యతిరేకమైతే చెయ్య అని చెప్పాల్సిందే. మన సబ్ రిజిస్ట్రార్, దస్తావేజు రాసేటాయన, ఎవరి పక్కా పట్టని వకీలు, ముగ్గుర్ని కలిపి ఒక్క కుర్చీల కూసోపెట్టినట్టు అనుకోండ్రి.

నా బిడ్డ వాళ్లు అక్కడ ఫ్లాట్ కొన్నప్పుడు నేను పక్కన కూసున్న. ఆ నోటరమ్మ దస్తావేజు మొత్తం పైకి చదివింది, ఒక్క లైన్ వదల్లే, అట్ల చదివి వినిపించాలని చట్టమే అన్నది, మా వాళ్లకు పోలిష్ రాదు గన్క ప్రమాణం చేసిన అనువాదకుడు ఒకాయన ఇంగ్లీషుల చెప్పుకుంట పోయిండు, నాకైతే మధ్యల కునుకు వచ్చింది. అసలు కాయితం ఆమె దగ్గరనే ఉంటది, మనకు నకలే ఇస్తరు, కానీ ఆ నకలుకు అసలంత విలువ. ముప్పై ఏండ్లు మన రిజిస్ట్రేషన్ ఆఫీసుల చుట్టు తిరిగినోన్ని, కొంచెం కుళ్లు పుట్టిన మాట నిజమే.

ఇగ మీ వాటా సంగతి. ఇది వినడానికి బాధగ ఉంటది గని దాచ. మన హిందూ వారసత్వ చట్టంల, 1956 దాంట్ల, కొడుకు విల్లు లేకుంట పోతే తల్లి, భార్య, పిల్లలు అందరికీ సమానం. పోలండ్ చట్టంల పిల్లలున్నంక తల్లిదండ్రులకు ఏం రాదు. భార్య, పిల్లలు సమానంగ పంచుకుంటరు, ఎంతమంది పిల్లలున్నా భార్యకు నాలుగోవంతుకు తక్కువ కాదు. పిల్లలు లేకుంటేనే తల్లిదండ్రులు లెక్కలకు వస్తరు, అప్పుడు భార్యకు సగం, తల్లికి తండ్రికి చెరి నాలుగోవంతు.

మావోడు ఇండియా పాస్‌పోర్టే గదా, మన చట్టమే నడుస్తది గదా అంటరేమో. కాదు. 2015 ఆగస్టు 17 నుంచి యూరప్ రూల్ ఏందంటే, మనిషి చివరికి స్థిరంగ యాడ బతికిండో ఆ దేశం చట్టం. కాకపోతే విల్లుల "నాకు నా దేశం చట్టమే వర్తించాలె" అని రాసుకునే హక్కు ఆ రూలే ఇచ్చింది. మీ కొడుకు అట్ల రాసి, ఎవరికేం అని వేరే పంపకం రాయకుంటే మీకు మూడోవంతు వస్తది. వద్దనుకుంటే పోలండ్ చట్టం కిందనే ఉండి మీకు ఫలానాది చెందాలని రాయొచ్చు. ఫలానా ఆస్తి నేరుగ ఫలానా మనిషికే పోవాలె అనే ఏర్పాటు అక్కడ 2011 నుంచి ఉన్నది, అది నోటరీ విల్లులనే చెల్లుతది. చేతిరాత విల్లు సుత అక్కడ చెల్లుతది గని మొత్తం సొంత చేత్తోనే రాసి సంతకం పెట్టాలె, కంప్యూటర్ల టైప్ చేసి ప్రింట్ తీసి కింద సంతకం గీస్తే పనికిరాదు. మొగడు పెండ్లాం కలిసి ఒకటే విల్లు రాసుడు సుత కుదరది.

ఒక్క మాట, పోలండ్ చట్టం కింద అంతా మీకే రాస్తా అంటే కోడలు, మనవరాలు ఊకోవాల్సిన పని లేదు. జాహోవెక్ అని ఒకటుంటది, విల్లుల పేరు లేకపోయినా మామూలుగ రావాల్సిన వాటాల సగం విలువ పైసల రూపంల అడగొచ్చు, చిన్నపిల్ల అయితే మూడింట రెండు వంతులు. ఇగ ఇక్కడి పొలం, ఇల్లు సంగతి వేరు, వాటికి మన చట్టమే.

ప్రశ్న: మా అన్న పోయిన నెల పోలండ్‌ల గుండెపోటుతో పోయిండు. పెండ్లి కాలే. బ్యాంకుల పైసలు, ఒక చిన్న ఫ్లాటు, దాని మీద లోను ఉన్నయట. అమ్మ, నాన్న ఇక్కడనే. ఏం చేయాలె సార్? – కరీంనగర్ నుంచి తమ్ముడు

జవాబు: తమ్మీ, శానా బాధైంది. వారసులు మీ అమ్మా నాన్నలే, చెరి సగం. వారసత్వ పత్రం రెండు తీర్ల తీసుకోవచ్చు. ఒకటి నోటరీ దగ్గర, 2008 నుంచి ఈ పద్ధతి ఉన్నది, తొందరగ అయితది, రిజిస్టర్‌ల ఎక్కినంక కోర్టు తీర్పుతో సమానం, కానీ తకరారు ఉండొద్దు, వారసులు నోటరీ ముంగటికి రావాలె. రెండోది కోర్టు, అక్కడి వకీలును పెట్టుకొని నడిపించొచ్చు. పెద్దోళ్లు అంత దూరం పోలేరంటే కోర్టు దారే నయం.

లోను గురించి భయపడకు గని తారీఖు మర్చిపోవద్దు. వారసత్వం వచ్చిందని తెలిసినప్పటి నుంచి 6 నెలలల్ల తీసుకుంటమో వద్దంటమో చెప్పొచ్చు. ఏం చెప్పకుంటే తీసుకున్నట్టే, కాకపోతే వచ్చిన ఆస్తి విలువ వరకే అప్పు మీద పడ్తది. అయినా ముందుగాల బ్యాంకు లెక్క తెప్పించు.

ప్రశ్న: నాకు కుదిరిన సంబంధం అబ్బాయి వార్సాల ఉంటడు. పెండ్లి తర్వాత నోటరీ దగ్గర ఇంటర్‌సిజా అని సంతకం పెట్టాలంటున్నడు. మోసమా? – కాజీపేట అమ్మాయి

జవాబు: మోసం కాదు బిడ్డా, మీ ఇద్దరి ఆస్తులు కలిపి ఉంచాల్నా విడిగ ఉంచాల్నా అనే ఒప్పందం. పోలిష్ దంపతులకు పెండ్లయినంక సంపాదించింది మామూలుగ ఉమ్మడి. మీరిద్దరు ఇండియా పౌరులు గన్క అక్కడి చట్టమే మన చట్టం చూడమంటది, మన దాంట్ల ఎవరిది వాళ్లదే. అంటే సంతకం పెట్టకున్నా విడిగనే ఉంటయి, మరి ఆయన ఏం మార్చాలనుకుంటున్నడో అడుగు. నీకు అర్థమయ్యే భాషల అనువాదకుడు లేకుంట మాత్రం సంతకం పెట్టకు. ఇంకోటి, విడాకులు నోటరీ ఇయ్యడు, అది కోర్టు పనే.

ప్రశ్న: అక్కడి ఫ్లాట్ నా పేరు మీద కూడ ఉన్నది, అమ్మనీకి కొడుక్కి పవర్ ఆఫ్ అటార్నీ ఇయ్యాలె. మా ఊరి నోటరీ ముద్ర సాలదా? – మంచిర్యాల పెద్దమనిషి

జవాబు: అన్నా, ఒట్టి ముద్ర సాలదు. అమ్మకం అక్కడ నోటరీ దస్తావేజుతోనే అయితది గన్క, పవర్ సుత అదే రూపంల కావాలంటరు. ఇక్కడ చేస్తే రాష్ట్రం అటెస్టేషన్, ఆ తర్వాత విదేశాంగ శాఖ అపోస్టిల్ (మన కాయితం బయటి దేశంల చెల్లేటట్టు చేసే ధ్రువీకరణ), అటెంక అక్కడ ప్రమాణ అనువాదం. లేకుంటే ఢిల్లీల పోలండ్ ఎంబసీ, ముంబైల కాన్సులేట్ ఉన్నయి, కాన్సుల్‌కు నోటరీ పనులు చేసే అధికారం ఉంటది, అపాయింట్‌మెంట్ అడిగి చూడుండ్రి. ఏదైనా గని, ఫ్లాట్ అమ్మకం చేసే నోటరీకి డ్రాఫ్టు ముందే మెయిల్ చేసి, నడుస్తదా అని రాతల తెప్పించుకున్నంకనే ఇక్కడ స్టాంపు పేపర్ కొనుండ్రి.